మా పిల్లల నంబర్లు మీ దగ్గరే ఉన్నాయి

వైద్య పరిశోధనలకు అనుమతులిచ్చే ఎథిక్స్ కమిటీల సభ్యులకు,

నమస్కారం.

నేను అనంతపురం జిల్లాలో, కళ్యాణదుర్గం వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో బయాలజీ చెప్తాను. మీలో ఎవరితోనూ నాకు పరిచయం లేదు. కానీ మీలాంటి ఒక కమిటీ ఆమోదించిన ఫారాల మీద సాక్షిగా నా సంతకం 63 చోట్ల ఉంది. ఆ సంతకాల గురించే ఈ ఉత్తరం.

రెండేళ్ల కిందట, శివరాత్రి వెళ్లిన వారంలో ఒక వైద్య కళాశాల నుంచి ఆరుగురు జీపులో దిగారు. ఏ కాలేజీ అన్నది ఇక్కడ రాయను. పేరు రాస్తే మిగతా కాలేజీల వాళ్లంతా ‘మనది కాదులే’ అని హాయిగా పక్కకు పెట్టేస్తారు. నీళ్లలో ఎక్కువైతే పళ్లనూ ఎముకలనూ పాడుచేసే ఫ్లోరైడ్ మీద పరిశోధన అన్నారు. వరండాలో రెండు బెంచీలు వేశాం. పిల్లలు వరసగా వచ్చి నోరు తెరిస్తే పళ్లకు ఫొటోలు తీశారు. తర్వాత తలా ఒక ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి మూత్రం పట్టి తెమ్మన్నారు. ఆ పూట బడిలో పాఠం ఎక్కడ సాగుతుంది? ఒకటే నవ్వులు. ఒకడు డబ్బా అంచుల దాకా నింపి, ఒలకకుండా రెండు చేతులతో పట్టుకుని వచ్చి ‘ఇది చాలా సార్?’ అన్నాడు. ప్రతి ఒక్కరి మణికట్టు మీద స్కెచ్ పెన్నుతో ఒక నంబరు వేశారు. అదే నంబరు డబ్బా మీదా, ఫొటో మీదా, ఫారం మీదా వేశారు. డబ్బాలన్నీ ఐసు వేసిన థర్మోకోల్ పెట్టెలోకి వెళ్లాయి. పోతూ పోతూ బడి బోరు నుంచి ఒక సీసా, ఆంజనేయస్వామి గుడి దగ్గరి బోరు నుంచి ఒక సీసా నీళ్లు పట్టుకున్నారు. రెండు బోర్లకూ స్టిక్కర్లు అంటించారు. గుడి బోరు స్టిక్కర్ ఇప్పటికీ సగం ఉంది. మిగతా సగం మేకలు గీరుకుంటే పోయింది.

47 నంబరు పిల్లాడికి అమ్మానాన్నా బెంగళూరులో బిల్డింగు పనిలో ఉన్నారు. ఇంట్లో జేజి ఒక్కతే. ఫారం మీద పెద్దవాళ్ల వేలిముద్ర కావాలంటే ఆమెనే పిలిపించాం. నాలుగు పేజీల కాగితం. అందులో ‘స్వచ్ఛంద సమ్మతి’, ‘గోప్యత’, ‘అధ్యయన అన్వేషకుడు’ లాంటి మాటలున్నాయి. ఇరవై ఏళ్లుగా తెలుగు మీడియంలో పాఠాలు చెప్తున్న నాకే రెండోసారి చదివితే గానీ అర్థం కాలేదు. జేజి కాగితం వంకా ఇంకు ప్యాడ్ వంకా చూసి ‘ఏందప్పా ఇది, అప్పు కాయితమా?’ అంది. మా ఊళ్లో వేలిముద్ర అంటే బ్యాంకు, పంట రుణం, లేదంటే పొలం తాకట్టు. ఆమె అడిగినదాంట్లో తప్పేం లేదు.

నేను నా మాటల్లో చెప్పాను. ‘నీళ్లలో ఏముందో, పిల్లోని ఒంట్లో ఎంత చేరిందో చూసి చెప్తారంట జేజీ.’ ఆమె కాసేపు నా ముఖం చూసి, ‘నువ్వు చెప్తే ఏస్తాలే అయివారూ. వాళ్లెవరో నాకేం తెలుసు’ అని వేలు ముందుకు చాపింది.

వాళ్లు ఆమెనూ పరీక్ష చేశారు. డాక్టరు గారు ‘గడ్డం ఎదకు ఆనించమ్మా’ అన్నారు. ఆమె మెడ వంచబోయింది, వంగలేదు. నడుం నుంచి మొత్తం ఒళ్లు ముందుకు వచ్చింది. చేతులు మెడ వెనక్కి పెట్టమన్నారు. చెవుల దాకా వచ్చి ఆగిపోయాయి. పీజీ అమ్మాయి ఫారంలో ఏదో రాసుకుంది. ఏం రాసిందో జేజికీ తెలియదు, నాకూ తెలియదు. ఫ్లోరైడ్ ఎముకల్లో చేరినవాళ్లను గుర్తుపట్టడానికి ఈ రెండూ మామూలుగా చేయించే పరీక్షలేనని తర్వాత చదివి తెలుసుకున్నాను.

జీపు వెళ్లిపోయింది. వెళ్లేటప్పుడు ‘రిపోర్టులు వస్తాయి సార్, పంపిస్తాం’ అన్నారు.

మొదటి ఆరు నెలలు పిల్లలు వారం వారం అడిగారు. ‘సార్, నా నంబరు వచ్చిందా?’ అని. వాళ్లకు అదేదో పరీక్ష మార్కుల్లాగా ఉంది. కొందరు ఒకరి నంబరు ఒకరు గుర్తు పెట్టుకున్నారు కూడా. నేను మూడుసార్లు ఫోన్ చేశాను. మొదటిసారి ‘అనాలిసిస్ జరుగుతోంది’ అన్నారు. రెండోసారి ఆ పీజీ అమ్మాయి కోర్సు అయిపోయి వెళ్లిపోయిందన్నారు. మూడోసారి ఫోన్ ఎత్తినాయనకు మా ఊరి పేరే తెలియదు.

ఇక్కడిదాకా అయితే ఇది మామూలు కథే, ఇంత పొడుగు ఉత్తరం అక్కర్లేదు. సర్కారీ ఆఫీసుల చుట్టూ తిరిగిన మాకు కాగితం రాకపోవడం కొత్త కాదు. అసలు సంగతి ఈ జూన్‌లో బడులు తెరిచాక జరిగింది.

జల్ జీవన్ మిషన్ కింద ఊరికి అయిదుగురు ఆడవాళ్లకు నీళ్ల పరీక్ష నేర్పి కిట్లు ఇస్తారు కదా. మా ఊరి పొదుపు సంఘం అక్కలు ఆ కిట్టు పట్టుకుని బడికి వచ్చారు. ఎనిమిదో తరగతి పిల్లల ముందే చేద్దాం అన్నాను. చిన్న గాజు సీసాలో బడి బోరు నీళ్లు పోసి, మందు చుక్కలు వేసి కలిపారు. ఫ్లోరైడ్ లేకపోతే నీళ్లు గులాబీ రంగులో ఉంటాయి. పెరిగే కొద్దీ ఆ గులాబీ పోయి పసుపు అవుతుంది. మేం చూస్తుండగానే పసుపైంది. రంగుల కార్డు పక్కన పెట్టి చూడాల్సిన పనే లేకపోయింది. గుడి బోరు నీళ్లతో చేస్తే గులాబీ అలాగే నిలబడింది. రెండు బోర్ల మధ్య దూరం అర కిలోమీటరు కూడా ఉండదు. కిట్టు ఉజ్జాయింపుగానే చెప్తుంది కాబట్టి గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుకు సీసా పంపించాం. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి దాటిందని కాగితం వచ్చింది. ఆ సాయంత్రమే బడి బోరు చేతిపిడికి ఎర్ర రంగు వేశాం.

ఇంటికి వెళ్లి పడుకుంటే నిద్ర పట్టలేదు. ఎందుకంటే మా బడిలో మధ్యాహ్న భోజనం ఆ బోరు నీళ్లతోనే వండుతారు.

తాగడానికి ఇళ్లల్లో కొందరు క్యాన్ నీళ్లు కొంటారు. వంటకు ఎవరూ కొనరు. అన్నమైనా, సంగటైనా, పప్పైనా పోసిన నీళ్లను పీల్చుకునే ఉడుకుతుంది. పైగా మా ఊళ్లో చాలామంది నీళ్లు మరగబెడితే విషం పోతుందనుకుంటారు. ఫ్లోరైడ్ మరిగిస్తే పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కనవుతుంది. రెండేళ్ల పాటు 63 మంది, వాళ్లతోపాటు మిగతా పిల్లలు, రోజూ ఆ అన్నమే తిన్నారు. మేం జూన్‌లో చూసిన ఆ పసుపు రంగు, ఐసు పెట్టె ల్యాబుకు చేరిన వారానికే మీవాళ్లకు తెలిసి ఉండాలి. పిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ కొలవడానికి నెలలు పట్టినా పట్టవచ్చు. ఒక సీసా నీళ్లకు పట్టదు.

ఇది వయసుతో ముడిపడిన విషయమని మీకు నేను చెప్పక్కర్లేదు. శాశ్వత దంతాల పైపొర తయారయ్యేది చిగుళ్ల లోపల, దాదాపు ఎనిమిదేళ్ల దాకా. ఆ లోపల ఫ్లోరైడ్ ఎక్కువగా పడితే మచ్చ రావచ్చు, వచ్చిందంటే ఆ తర్వాత నీళ్లు మార్చినా పోదు. ఒంట్లో మిగిలే ఫ్లోరైడ్ దాదాపు అంతా చేరేది ఎముకల్లో, పళ్లలో. పెద్దవాళ్ల కంటే పెరిగే పిల్లల ఎముకలు దాన్ని ఎక్కువగా పట్టి ఉంచుకుంటాయి. మా హైస్కూలు పిల్లల పళ్ల సంగతి ఎప్పుడో తేలిపోయింది. కానీ అదే ఆవరణలో అంగన్‌వాడీ ఉంది. అక్కడి పిల్లలకు మూడేళ్లు, నాలుగేళ్లు. వాళ్లకూ అదే బోరు. మీ పరిశోధనలో వాళ్లకు నంబర్లు లేవు. రెండేళ్ల కిందట ఒక్క ఫోన్ కాల్ వచ్చి ఉంటే ఎక్కువ లాభం జరిగేది వాళ్లకే.

పరిశోధన అంటే నాకు కోపం లేదు. ఎవరైనా అలా అనుకుంటారేమోనని ముందే చెప్తున్నాను. మన దేశంలో ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఈ జబ్బు గురించి తొలిసారి శాస్త్రీయంగా రాసింది 1937లో. అది మన పొదిలి, దర్శి వైపు పల్లెల సంగతే. అప్పట్లో అవి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో ఉండేవి. అంతకుముందే ఎద్దులు కీళ్లు పట్టేసి నడవలేకపోవడం రైతులు గమనించారని చదివాను. ఈ ముక్క నేను ప్రతి ఏడాదీ తరగతిలో చెప్తాను, జబ్బును మొదట పసిగట్టింది గొడ్లను మేపినవాళ్లని. జొన్న తినే పేదల్లో పెల్లాగ్రా అనే పోషకాహార లోపపు జబ్బు ఎందుకు వస్తుందో తేల్చడానికి పోషకాహార శాస్త్రవేత్త డాక్టర్ గోపాలన్, ఆయన సహచరులు హైదరాబాద్‌లో జొన్నలోని లూసిన్ అనే ప్రొటీన్ భాగం వెంట పడ్డారు. 1960లో దాన్ని లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించారు. మా అవ్వల కాలంలో రొట్టె తప్ప వేరే దిక్కు లేని ఇళ్లు ఎన్నో మా వైపు. అంటే ఆ పరిశోధన మా కంచంలోకి తొంగి చూసిందే.

2002లో జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు ఇంకోటి ప్రచురించారు. కొద్దిమంది పిల్లలకు రోజుకు 10 గ్రాముల చింతపండు ఇచ్చి చూస్తే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయిందని. చింతపండు మందు అని నేను అనను, నీళ్లు మార్చడమే అసలు మందు. కానీ ఒక్కసారి ఆలోచించండి. చింతచెట్టు లేని ఊరు మా వైపు ఉండదు. ఊరిబిండిలో చింతపండు, పప్పులో చింతపండు, చారులో చింతపండు. ఆ మాట మా ఊరికి ఏ దారినా రాలేదు. పోయిన నెల ఫోన్లో వెతుకుతుంటే ఇంగ్లీషులో నా కంట పడింది.

మా నేల గురించి కూడా మీ శాస్త్రవేత్తలకే బాగా తెలుసు. మాది గ్రానైట్ నేల. ఆ రాతిలోని ఖనిజాల్లోనే ఫ్లోరైడ్ ఉంటుంది. నీళ్లలో కాల్షియం తక్కువగా, బైకార్బొనేట్ ఎక్కువగా ఉంటే అది మరింత కరుగుతుంది. వాన చాలక బోరు లోతుకు పోయే కొద్దీ నీళ్లు ఆ రాతిలో ఏళ్లకేళ్లు నానినవి వస్తాయి. అందుకే ఒక బోరులో విషం, పక్క బోరులో తీపి. ‘అనంతపురం జిల్లాలో ఫ్లోరైడ్ ఎక్కువ’ అని మీ పేపర్లో సగటు వేసి రాస్తే మాకు ఒరిగేది ఏమీ లేదు. అది మా ఊళ్లో గొర్రెలు కాసేవాడికీ తెలుసు. మాకు కావాల్సింది ఏ బోరు అన్నది.

మీరు చెప్పబోయే సమాధానాలు కొన్ని నాకు తెలుసు. మా బావమరిది ఒక మెడికల్ కాలేజీలోనే పని చేస్తాడు, ఈ విషయం మీద పండక్కి వచ్చినప్పుడల్లా మా ఇద్దరికీ వాదనే. ‘పేపరు అచ్చయ్యేదాకా ఫలితం బయటపెట్టకూడదు బావా’ అంటాడు. జబ్బుకు కారణం ఏమిటి, ఏ మందు పని చేస్తుంది లాంటి తీర్మానాలకు ఆ మాట ఒప్పుకుంటాను. తొందరపడి చెప్పి తర్వాత తప్పని తేలితే అదో టెన్షన్. కానీ బోరులో ఫ్లోరైడ్ ఎంత అన్నది తీర్మానం కాదు, కొలత. జ్వరం ఎంతుందో చెప్పడానికి జర్నల్ అక్కర్లేదు. ‘వ్యక్తుల వివరాలు గోప్యం’ అంటాడు. ఎవరి నంబరు వాళ్లకే ఇవ్వమంటున్నా, మైకులో చదవమనడం లేదు. ‘మళ్లీ ఊరికి రావాలంటే బడ్జెట్ ఉండదు’ అనే మాట మాత్రం నిజమే కావచ్చు. మూత్రం తీసుకెళ్లడానికి జీపుకు డబ్బులు రాసుకున్నవాళ్లు, తిరిగి రావడానికి ఎందుకు రాసుకోలేదు? ఆ పద్దు లేని ప్రాజెక్టును ఆమోదించింది మీరే. నా ఫిర్యాదు ఆ పీజీ అమ్మాయి మీద కాదు. పాపం, ఆ ఎండలో పిల్లలతో ఎంతో ఓపిగ్గా ఉంది.

నిబంధనలు లేక కాదు. మనుషుల మీద జరిపే వైద్య పరిశోధనల్లో పాటించాల్సిన నీతి గురించి ప్రపంచ వైద్య సంఘం 1964లో హెల్సింకీ ప్రకటన చేసింది. దాని 2013 ప్రతిలో, పరిశోధనలో పాల్గొన్నవాళ్లందరికీ ఫలితాలు తెలుసుకునే అవకాశం ఇవ్వాలని రాసి ఉంది. భారతీయ వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం కమిటీ ఛైర్మన్ ఆ సంస్థకు బయటి మనిషి అయి ఉండాలి. ఒక న్యాయ నిపుణుడు, ఒక సామాజిక శాస్త్రం తెలిసినవారు, ఒక సామాన్యుడు సభ్యులుగా ఉండాలి. ‘లే పర్సన్’ అంటారట. ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటున్నారో నాకు తెలుసుకోవాలని ఉంది. రిటైరైన ఆఫీసరా, ఎవరికో తెలిసిన పెద్దమనిషా? ఒక్క ఏడాది ఆ కుర్చీలో మా జేజిలాంటి మనిషిని కూర్చోబెట్టి చూడండి. మీ నాలుగు పేజీల ఫారం చదివి వినిపిస్తే మొదటి నిమిషంలోనే అడుగుతుంది, ‘ఇది అప్పు కాయితమా?’ అని. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేని ఫారం పాస్ కాకూడదు.

నా మీద నాకు కూడా కొంత కోపం ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసిన ప్రాజెక్టు గుర్తుందా? టీకా మంచిదా కాదా అన్నది వేరే సంగతి. తల్లిదండ్రులు పెట్టాల్సిన చోట హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారని పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో తప్పు పట్టింది. అప్పుడు పేపర్లో అది చదివి స్టాఫ్ రూమ్‌లో గట్టిగా మాట్లాడినవాళ్లలో నేనూ ఒకణ్ని. నేను తల్లిదండ్రుల బదులు సంతకం చేయలేదు, నిజమే. కానీ ఆ వేలిముద్రలు పడింది ఫారం చూసి కాదు, నన్ను చూసి. మా పల్లెల్లో దీన్ని జామీను అంటారు. అప్పు తీసుకున్నవాడు ఊరు దాటి పోతే అప్పిచ్చినవాడు జామీనుదారు ఇంటి ముందు వచ్చి కూర్చుంటాడు. జేజి ఇంకా రాలేదు. ఎదురుపడితే ‘ఆ జీపోళ్లు ఏమన్నా చెప్పినారా?’ అని మాత్రం అడుగుతుంది. నేను బోరు సంగతి చెప్పాను. ‘మరి పిల్లోని ఒంట్లో?’ అంది. కిట్టు నీళ్ల సంగతే చెప్తుంది. పిల్లాడి ఒంటి లెక్క ఏదో కంప్యూటర్లో 47 పక్కన ఉంది.

బాకీ ఉన్నవాడికి మా బ్యాంకులో కొత్త లోన్ ఇవ్వరు. మీరూ అంతే చేయండి. కొత్త ప్రాజెక్టు పట్టుకుని ఒక బృందం మీ ముందుకు వస్తే, పోయినసారి వెళ్లిన ఊళ్లకు తిరిగి వెళ్లారా అని అడగండి. వెళ్లినట్టు ఆ ఊరి పంచాయతీ నుంచో, బడి నుంచో, ఆశా కార్యకర్త నుంచో ఒక కాగితం చూపించమనండి. చూపించలేకపోతే ఫైలు పక్కన పెట్టండి. నీళ్లలోనో రక్తంలోనో ప్రమాదం కనిపిస్తే ఎన్ని రోజుల్లో ఊరికి చెప్తారో అనుమతి కాగితంలోనే అంకెతో రాయించండి. ‘త్వరలో’ అని కాదు. నా లెక్కలో నీళ్లకు 15 రోజులు చాలు. ఇక ఫలితం అంటే పెద్ద రిపోర్టు అనుకోకండి. అర పేజీ చాలు, మా తెలుగులో: నీ నంబరు ఇది, నీ కొలత ఇది, ఇంత దాటితే ఎక్కువ, నువ్వు చేయాల్సింది ఇది. ఏమీ తేలలేదంటే ఏమీ తేలలేదని రాయండి. ఆ మాట వినడానికి కూడా మా ఊళ్లో మనుషులు వస్తారు.

ఇంకొక మాట, ఇది కొంచెం స్వార్థంతో. వచ్చే ఏడాది ఇంకెవరో ఇంకో జబ్బు మీద రక్తం కోసం మా ఊరికి వస్తారు. కిడ్నీ జబ్బో, షుగరో, రక్తహీనతో. అది మంచి పరిశోధనే కావచ్చు. అప్పుడు వాళ్లు కూడా ముందు నా దగ్గరికే వస్తారు, ఊళ్లో సార్ చెప్తే వింటారని. నేను చెప్పను. నా దగ్గర చెప్పడానికి మాట మిగల్లేదు.

ఆ రోజు పిల్లల పేర్లు, నంబర్లు నేను ఒక రిజిస్టర్లో రాసుకున్నాను. అది సైన్స్ ల్యాబు బీరువాలో ఉంది. 63 మందిలో 11 మంది పదో తరగతి అయిపోయి వెళ్లారు, వాళ్ల ఇళ్లు నాకు తెలుసు. నలుగురు అమ్మానాన్నలతో బెంగళూరు వెళ్లారు, ఫోన్ నంబర్లు ఉన్నాయి. మిగతావాళ్లు ఇక్కడే ఉన్నారు. 47 ఇప్పుడు ఎనిమిదిలో ఉన్నాడు, ఆ పసుపు రంగు సీసా వెలుగులోకి ఎత్తి చూపించింది వాడే. బడి ఉన్న ఏ రోజైనా రండి. నేను సెలవులో ఉంటే బీరువా తాళం చెవి వంట చేసే ఆయమ్మ దగ్గర ఉంటుంది. ఆమెకు చెప్పి పెట్టాను.

ఇట్లు,
63 ఫారాల మీద సాక్షి సంతకం చేసిన ఒక బయాలజీ టీచరు
అనంతపురం జిల్లా